ఇంటికొచ్చిన గిరీశం

మొన్న ఆదివారం పొద్దున్న మా ఇంట్లో ఒక వింత జరిగింది.

మా మనవరాలు ఇక్కడే విజయనగరంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. మన ప్రాంతంలో పుట్టిన నాటకం మీద సోమవారంకల్లా పన్నెండు పేజీల వ్యాసం ఇంగ్లీషులో రాసి ఇవ్వాలిట. వాళ్ళ బామ్మ ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టే వేళకి ఈ పిల్ల సెల్‌ఫోను పట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఇడ్లీ దిగేసరికి వ్యాసం కూడా దిగింది. పన్నెండు పేజీలూ పూర్తి! ముందుమాట ఉంది, ముగింపు ఉంది, మధ్యలో ఉపశీర్షికలున్నాయి. మా రోజుల్లో ఇంత వ్యాసం రాయాలంటే రెండు సిరాబుడ్లూ నాలుగు రాత్రులూ ఖర్చయ్యేవి.

"ఏదమ్మా, ఓ ముక్క చదువు, విందాం" అన్నాను.

చదివింది. ఇంగ్లీషు పాలమీగడలా ఉంది. ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. నేను తలూపుతూ వింటున్నాను. ఇంతలో కన్యాశుల్కం ప్రస్తావన వచ్చింది. మధురవాణి ఎవరయ్యా అంటే, సౌజన్యారావు పంతులుగారి కుమార్తెట!

నాకు ఇడ్లీ గొంతుకి అడ్డం పడింది. మంచినీళ్ళు తాగి, "నువ్వు నాటకం చదివావా తల్లీ?" అని అడిగాను.

"టైమెక్కడిది తాతయ్యా! అయినా నేనెందుకు చదవడం? అది చదివేసింది కదా!"

వంటింట్లోంచి వాళ్ళ బామ్మ ఒక్క మాట అంది. "బాగుందే! అయితే నీ వాటా ఇడ్లీ కూడా నేనే తినేస్తాను. నీ కడుపు నిండుతుందేమో చూసుకో."

అందరం నవ్వుకున్నాం. వ్యాసంలో ఆ ఒక్క వాక్యం దిద్దుకోమని చెప్పి నేను పేపరు చూసుకోవడంలో పడ్డాను. ఆ కథ అంతటితో ఆగలేదు. గురువారం నాడు మరో మలుపు తిరిగింది. ఆ సంగతి చివర చెబుతాను. ముందు, మనందరి ఇళ్ళల్లోకీ పిలవకుండానే వచ్చి కూర్చున్న ఈ కొత్త పంతులు ఎవరో, ఎలాంటివాడో కాస్త విచారిద్దాం.

* * *

దీన్ని కృత్రిమ మేధ అంటున్నారు. పిల్లలు ముద్దుగా ఏఐ అంటారు. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ అనేది జనం చేతికి వచ్చింది. అక్కణ్ణుంచి ఏది అడిగినా జవాబు చెప్పే యంత్రాలు ఒకదాని వెనక ఒకటి దిగాయి. లోపలి కిటుకు పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ప్రపంచంలో అచ్చయిన పుస్తకాలూ, కంప్యూటర్లలో దొరికే రాతలూ కొండంత పోగేసి, ఏ మాట తరవాత ఏ మాట రావడం మామూలో ఆ యంత్రానికి మప్పుతారు. మనం ఒక ప్రశ్న వేస్తే, దాని తరవాత రాదగ్గ మాటను లెక్క కట్టి, మాట వెంట మాట పేర్చుకుంటూ పోతుంది. చాలాసార్లు ఆ లెక్క నిజంతో కలుస్తుంది. అప్పుడప్పుడు కలవదు. కలిసినప్పుడు ఎంత ధీమాగా చెబుతుందో, కలవనప్పుడూ అంతే ధీమాగా చెబుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

పైగా ఇదంతా ఉచితం! 2025 జులైలో గూగుల్ కంపెనీ మన దేశపు కాలేజీ విద్యార్థులకి తమ మేలురకం సరుకు ఏడాదిపాటు ఊరికే ఇస్తామంది. అదే ఏడాది నవంబరులో చాట్‌జీపీటీ వాళ్ళు మన దేశంలో అడిగినవాళ్ళందరికీ డబ్బిచ్చి కొనుక్కోవలసిన తమ సరుకులో ఒకటి ఏడాదిపాటు ఊరికే ఇస్తామన్నారు. మా పెద్దవాళ్ళు చెప్పేవారు, వెనకటికి తేయాకు వ్యాపారం వాళ్ళు బజారులో పొయ్యి పెట్టి వచ్చేపోయే వాళ్ళకి ఊరికే టీ పోసేవారట. తాగినవాళ్ళు, "ఎంత ధర్మాత్ములో!" అనుకున్నారట. ఇవాళ పొద్దున్నే టీ చుక్క పడకపోతే తలనొప్పి రాని ఇల్లు ఎన్ని ఉన్నాయో మీరే లెక్క పెట్టుకోండి.

టీ తప్పని నేననడం లేదు. నేనూ తాగుతాను. ఊరికే పోసినవాడి లెక్క ఊరికే ఉండదని మాత్రం జ్ఞాపకం పెట్టుకోవాలి.

* * *

నిజానికి ఈ పంతులు మన విజయనగరానికి కొత్తవాడు కాడు. గురజాడ అప్పారావుగారు నూట పాతికేళ్ళ కిందటే ఇతణ్ణి మనకి పరిచయం చేశారు. కన్యాశుల్కం 1892లో మన ఊళ్ళోనే రంగమెక్కింది. 1897లో అచ్చయింది. 1909లో ఆయనే దాన్ని చాలా పెంచి తిరగరాశారు. గురజాడవారు మహారాజావారి కాలేజీలో చదువుకుని, అక్కడే పాఠాలు చెప్పినవారు. చదువు పేరుతో జరిగే తమాషాలు ఆయనకి తెలిసినంతగా మరొకరికి తెలియవు.

గిరీశాన్ని ఒకసారి తలుచుకోండి. అతనికి తెలియని విషయం లేదు. ఏది అడిగినా తడుముకోడు. ఇంగ్లీషు గడగడా మాట్లాడతాడు. ఎదటివాడికి ఏ మాట రుచిస్తుందో కనిపెట్టి ఆ మాటే అంటాడు. ఊళ్ళో నిలవలేని పరిస్థితి వచ్చి, పరీక్ష తప్పిన శిష్యుడు వెంకటేశాన్ని వెంటబెట్టుకుని వాళ్ళ అగ్రహారం చేరతాడు. పిల్లవాడికి సెలవుల్లో చదువు చెబుతానంటాడు. తల్లి ముచ్చటపడి ఇంగ్లీషులో మాట్లాడుకోమంటే గురుశిష్యులిద్దరూ అర్థం పర్థం లేని ముక్కలు అటూ ఇటూ విసురుకుంటారు. ఆ ఇల్లాలికి ఒక్క ముక్క తెలియదు. తన కొడుకు నోట ఇంగ్లీషు వస్తోందని పొంగిపోతుంది. కోపిష్టి అగ్నిహోత్రావధానులు కూడా, కోర్టు కాగితాలకి సాయం దొరికిందని మెత్తబడతాడు.

ఇంతకీ వెంకటేశానికి వచ్చిన చదువేమిటి? చుట్ట కాల్చడం!

ఇప్పుడు మన ఇళ్ళవంక చూసుకోండి. పిల్లవాడి తెర మీద ఇంగ్లీషు ధారగా పారుతోంది. తల్లి చూసి మురిసిపోతోంది. తండ్రి కూడా, "మా దరఖాస్తు ఒకటి రాసిపెట్టమనరా దాన్ని" అంటున్నాడు. ప్రశ్న వేసిన ప్రతివాణ్ణీ అది, "చాలా మంచి ప్రశ్న అడిగారు" అని మెచ్చుకుంటోంది. గిరీశం కూడా అంతే. అతనంటే మనకి కోపం రాదు, నవ్వు వస్తుంది, ఇష్టం కలుగుతుంది. ప్రమాదమంతా ఆ ఇష్టంలోనే ఉంది. కర్కోటకుడైన మేష్టారికి పిల్లవాడు భయపడతాడు. భయపడ్డా, రెండు ముక్కలు నేర్చుకుంటాడు. గిరీశంవంటి మేష్టారితో కాలక్షేపం బాగుంటుంది. చదువే అంటదు.

* * *

ఇది ముసలివాడి చాదస్తమని కొట్టిపారేస్తారేమో. ఒక లెక్క చెబుతాను వినండి.

అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు టర్కీ దేశంలో సుమారు వెయ్యిమంది హైస్కూలు పిల్లల మీద ఒక ప్రయోగం చేసి 2024లో ఫలితం బయటపెట్టారు. విషయం లెక్కలు. కొందరికి యంత్రాన్ని యథేచ్ఛగా వాడుకోమని ఇచ్చారు. అభ్యాసం చేసేటప్పుడు వాళ్ళు మామూలు పిల్లలకన్న 48 శాతం మెరుగ్గా చేశారు. తల్లిదండ్రులు చూస్తే పండగ చేసుకుందురు. తరవాత యంత్రం తీసేసి పరీక్ష పెట్టారు. అసలు యంత్రం మొహమే చూడని పిల్లలకన్న వీళ్ళు 17 శాతం వెనకబడ్డారు!

అందులోనే మరో జట్టు ఉంది. వాళ్ళకిచ్చిన యంత్రం జవాబు చెప్పదు. ఉపాధ్యాయులు ముందే రాసిపెట్టిన సూచనల ప్రకారం, ఎక్కడ తప్పు పోయిందో చూసుకొమ్మని దారి మాత్రం చూపిస్తుంది. ఈ జట్టు పిల్లలు అభ్యాసంలో ఇంకా బాగా చేశారు, పరీక్షలో నష్టపోలేదు. అంటే యంత్రం ఒక్కటే, వాడుకలో తేడా. కూడా నడిచే మేష్టారు వేరు, చంకనెక్కించుకునే మేష్టారు వేరు. రోజూ చంకనెక్కిన పిల్లకి కాళ్ళెక్కడ గట్టిపడతాయి?

అది హైస్కూలు పిల్లల మాట. కాలేజీలో ఈ చిక్కు తగ్గదు సరికదా పెరుగుతుంది. హైస్కూలు పిల్లవాడికి ఎదురుగా మేష్టారు నిలబడి ఉంటారు. కాలేజీ పిల్లవాడు వ్యాసాలూ, ప్రాజెక్టులూ, రికార్డులూ గదిలో కూర్చుని రాసి తెస్తాడు. ఎవరు రాశారో గోడలకి తెలియాలి.

మన సంగీత కళాశాల సంగతి చూడండి. 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడ వయొలిన్ నేర్పారు. ఘంటసాల వెంకటేశ్వరరావుగారు కుర్రతనంలో ఈ ఊరు వచ్చి, జోలె పట్టి మధుకరం ఎత్తుకుని తిని మరీ పాట నేర్చుకున్నారు. ఆ రోజుల్లోనూ గ్రామఫోను ఉంది. పెట్టె తిప్పితే మహా విద్వాంసుల పాట గదంతా నిండేది. అయితే గ్రామఫోను కొనుక్కున్నవాణ్ణి ఎవరైనా విద్వాంసుడన్నారా? తెల్లవారుజామున లేచి, శ్రుతి కలవక, గురువు చేత చీవాట్లు తిని, మళ్ళీ అందుకున్నవాడికే పాట వచ్చింది. పాట బాగా వినిపించడం ఒక సంగతి, పాట రావడం ఇంకో సంగతి. చదువూ అంతే. వ్యాసం కాగితం మీదికి వచ్చినంత మాత్రాన బుర్రలోకి వచ్చినట్టు కాదు.

* * *

రెండో ప్రమాదం, లేనిది ఉన్నట్టు చెప్పడం. మధురవాణికి తండ్రిని కట్టబెట్టినట్టే, లేని పుస్తకానికి పేరు పెడుతుంది, రచయితను పుట్టిస్తుంది, పేజీ నంబరు కూడా ఇస్తుంది. 2023లో న్యూయార్కులో ఇద్దరు వకీళ్ళు యంత్రాన్ని నమ్మి, ఎన్నడూ జరగని కేసుల తీర్పులు కోర్టులో దాఖలు చేశారు. జడ్జిగారు అయిదు వేల డాలర్ల జరిమానా వేశారు. చదువు పూర్తయి, ప్రాక్టీసులో పండినవాళ్ళ గతే అది. ఇంకా చదువులో ఉన్న పిల్లవాడు కల్ల ఏదో నిజమేదో ఎలా పోల్చుకుంటాడు? పోల్చుకోవాలంటే ముందు విషయం తెలిసి ఉండాలి. విషయం తెలుసుకునే పనే యంత్రానికి అప్పజెప్పాడాయె!

అందులోనూ మన ప్రాంతపు సంగతులు అడిగామా, మరీ అన్యాయం. అది రాతలో ఉన్నదే నేర్చుకుంటుంది. ఇంగ్లీషు రాత కొండంత ఉంది, తెలుగు రాత గుట్టంత. శ్రీకాకుళం పల్లెల్లో జనం నోట ఉన్న మాట, మన్యంలో సవరల పాట, గదబల మాట ఎంత రాతకెక్కాయి? ఎక్కనిది యంత్రానికి లేనట్టే. లేదని ఒప్పుకుంటే బాగుండును. నోటికొచ్చింది అల్లుతుంది.

గిడుగు రామమూర్తిగారు మన శ్రీకాకుళం సీమవారే. 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, సవరల భాష నేర్చుకోవాలనుకున్నారు. దానికి పుస్తకం లేదు, నిఘంటువు లేదు. సవరల దగ్గరికి వెళ్ళి కూర్చుని, ఒక్కో మాట విని, రాసుకుని, తప్పు పలికితే దిద్దించుకుని నేర్చుకున్నారు. ఏళ్ళు పట్టింది. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. ఆయన ఆ మాటలు వినకపోయి ఉంటే, ఇవాళ యంత్రం చదవడానికైనా ఆ అక్షరాలు ఉండేవా? కొత్తది ఎవరో ఒకరు కాళ్ళరిగేలా తిరిగి తేవాలి. విశ్వవిద్యాలయమనేది అందుకు. ఉన్నదాన్నే తిప్పి తిప్పి వడ్డించే విద్యకి అంత పెద్ద భవనాలెందుకు?

* * *

మూడో ప్రమాదం అనుమానం. నా మట్టుకు నాకు ఇదే పెద్దదనిపిస్తుంది.

పిల్లలు యంత్రం చేత రాయిస్తున్నారని తెలిశాక, పట్టుకోవడానికి మరో యంత్రం తెచ్చారు. రాత దానికి చూపిస్తే, ఇందులో ఇంత పాలు మనిషిది, ఇంత పాలు యంత్రానిది అని చెబుతుందట. దొంగని పట్టడానికి తెచ్చిన జవాను ఎలాంటివాడో చూడండి. 2023లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు ఇలాంటి ఏడు జవాన్లని పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కాని విద్యార్థులు స్వయంగా రాసిన వ్యాసాలు చూపిస్తే, సగటున సగానికి పైగా యంత్రం రాసినవే అని తేల్చాయి. అమెరికా పిల్లల వ్యాసాలు మాత్రం దాదాపు అన్నీ సరిగా పోల్చాయి. కారణం ఏమిటంటే, పరభాషలో రాసేవాళ్ళు తెలిసిన మాటలే వాడతారు, పొట్టి వాక్యాలు జాగ్రత్తగా రాస్తారు. జవానుకి ఆ జాగ్రత్తే యంత్రంలా కనిపిస్తుంది! చాట్‌జీపీటీ చేసిన కంపెనీయే ఇలాంటి జవానుని ఒకణ్ణి తయారుచేసి, సరిగా పట్టలేకపోతున్నాడని 2023 జులైలో ఉద్యోగం పీకేసింది.

మన యూ.జీ.సీ. వారు 2018లో ఒక నిబంధన తెచ్చారు. ఇతరుల రాతతో పది శాతం దాకా పోలిక ఉంటే ఫరవాలేదు, ఆ పైన పోలిక పెరిగిన కొద్దీ శిక్ష పెరుగుతుంది. అది చూచిరాతను పట్టే వల. యంత్రం ఎవరిదీ చూసి రాయదు, ప్రతిసారీ కొత్తగా అల్లుతుంది. ఆ వలలో ఈ చేప పడదు. 2024లో హర్యానాలో ఒక న్యాయకళాశాల విద్యార్థి, తన జవాబు యంత్రం రాసిందన్నారని హైకోర్టుకే వెళ్ళాడు. ఆ తరవాత విశ్వవిద్యాలయం అతణ్ణి ప్యాసు చేసింది. గురువుకీ శిష్యుడికీ మధ్య కోర్టు వచ్చిందంటే, ఆ చదువు ఏ స్థితిలో ఉందో వేరే చెప్పనక్కర్లేదు.

* * *

గురువారం కథకి వస్తాను.

మా మనవరాలి తరగతిలో సీతంపేట కొండల వైపునుంచి వచ్చిన పిల్ల ఒకతె ఉంది. హాస్టలులో ఉంటుంది. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. ఇంటరుదాకా తెలుగు మీడియం. ఒకసారి వాళ్ళ నాన్న జీడిపిక్కల మూట తెచ్చి మా అరుగు మీద పెట్టి, "మా గుంటకి సదువంటే పేణం బాబూ. ఏటి సదువుతాదో నాకు తెల్దు, రేత్తిరి ఒంటిగంట దాకా దీపం ఆర్పదు" అని వెళ్ళాడు.

ఆ పిల్ల కన్యాశుల్కం రెండుసార్లు చదివిందట. నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగు రాత్రులు కూర్చుని ఇంగ్లీషులో ఆరు పేజీలు రాసిందట. లెక్చరరుగారు రెండు వ్యాసాలూ జవాను యంత్రానికి చూపించారు. మా మనవరాలు తన వ్యాసాన్ని మరో యంత్రంలో వేసి కాస్త మనిషి వాసన పట్టించిందని నాకు తరవాత తెలిసింది. ఆమెకి పదికి తొమ్మిది. సీతంపేట పిల్ల వ్యాసం నూటికి డెబ్భై పాళ్ళు యంత్రందని తేలింది. ఆమెకి సున్నా!

పదిమందిలో పిలిచి, "నువ్వే రాశావా?" అని అడిగితే ఆ పిల్లకి నోరు పెగల్లేదట. తల వంచుకుని నిలబడిందట. తల వంచుకోవడమే ఒప్పుకోవడమని అందరూ అనుకున్నారట.

మా మనవరాలు ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అన్నం తినలేదు. "తాతయ్యా, నాది నేను రాయలేదు, నాకు తొమ్మిది. దానిది అది రాసుకుంది, దానికి సున్నా. రాత్రి హాస్టలులో పెట్టె సర్దుకుంటోందిట" అని భోరుమంది.

నేనేమీ బోధ చెయ్యలేదు. ఆదివారం నేను నవ్వి ఊరుకున్న తప్పు నా నెత్తినా ఉంది కదా! "రేపు వెళ్ళి ఈ ముక్కే మీ లెక్చరరుగారితో చెప్పు" అన్నాను.

చెప్పింది. ఆ లెక్చరరుగారు చెడ్డవాడేమీ కాడు. అతిథి అధ్యాపకుడు. నాలుగు తరగతులకి పాఠం చెప్పి, రెండువందల వ్యాసాలు దిద్దాలి. తీరిక లేక యంత్రాన్ని నమ్మాడు. పిల్లలు యంత్రం చేత రాయించడం, మేష్టార్లు యంత్రం చేత దిద్దించడం. ఇక మధ్యన మనుషులతో పనేముంది, ఫీజు కట్టడానికి తప్ప!

ఆయన ఇద్దరినీ కూర్చోబెట్టి, కాగితాలు పక్కన పెట్టి, "మధురవాణి గురించి చెప్పండి, తెలుగులోనే చెప్పండి" అన్నారట. మా మనవరాలు రెండో ప్రశ్నకే ఆగిపోయింది. సీతంపేట పిల్ల మొదట గొణిగింది, తరవాత తల ఎత్తింది, ఆపైన పావుగంట సేపు ఆగలేదట. ఆ నాటకంలో అందరికన్నా తెలివైనది మధురవాణి అనీ, ఆ తెలివికి ఆ లోకంలో గౌరవమైన చోటు లేకపోయిందనీ, తనకి అదే కష్టంగా అనిపించిందనీ చెప్పిందట. లెక్చరరుగారు కళ్ళజోడు తుడుచుకుని సున్నా కొట్టేసి ఎనిమిది వేశారు.

మా మనవరాలి తొమ్మిదీ పోయింది. పదిరోజుల గడువిచ్చారు.

* * *

ఈ కథ మా ఇంటితో పోయేది కాదు. ఒక పిల్ల పెట్టె సర్దుకోబోయి ఆగింది. ఆగకుండా వెళ్ళిపోయేవాళ్ళ సంగతేమిటి?

మన రెండు జిల్లాల్లోనూ పెద్ద చదువు వాకిట్లోకి వచ్చి ఎన్నాళ్ళయిందని? ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది. అక్కడే ట్రిపుల్ ఐటీ 2016లో వచ్చింది. విజయనగరంలో గిరిజన విశ్వవిద్యాలయానికి 2019లో చట్టమైంది. ఇక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయం 2022లో గురజాడవారి పేరే పెట్టుకుంది. వలసపోయే సీమగా పేరుపడ్డ చోట, తట్ట మోసినవాళ్ళ పిల్లలు ఈ గడపలు ఎక్కుతున్నారు. వాళ్ళకి మాన్యాలు లేవు, సిఫార్సులు లేవు. బుర్రలోకి ఎక్కిన చదువొక్కటే ఆస్తి. యంత్రం చేత రాయించిన డిగ్రీ కాగితం కలవారి పిల్లవాడికి ఎలాగో చెల్లుతుంది. మేనమామ కంపెనీలో కుర్చీ ఉంటుంది. పేదవాడి పిల్లవాడు ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే దొరికిపోతాడు.

మరో భయం ఉంది. ప్రభుత్వ కాలేజీల్లో అధ్యాపకుల ఖాళీలు ఏళ్ళ తరబడి నిండవు. "ఇంకా మేష్టార్లెందుకు, యంత్రం ఉందిగా" అనే మాట ఏదో ఒక రోజు పెద్దల నోట వస్తుంది. అప్పుడు పట్నంలో డబ్బున్న పిల్లలకి మేష్టారూ ఉంటాడు, యంత్రమూ ఉంటుంది. సీతంపేట పిల్లకి యంత్రం ఒక్కటే మిగులుతుంది. తల వంచుకుని నిలబడ్డ పిల్లని చూసి, కాగితం పక్కన పెట్టి, "తెలుగులోనే చెప్పమ్మా" అనే బుద్ధి ఏ యంత్రానికి పుడుతుంది?

ఇంతా చెప్పి యంత్రాన్ని సముద్రంలో పారెయ్యమంటానా? పారేస్తే పోయేదీ కాదు. పక్కనే విశాఖపట్నంలో గూగుల్ వారు అయిదేళ్ళలో పదిహేను వందల కోట్ల డాలర్లతో దీనికోసం పెద్ద కేంద్రం కడతామని 2025 అక్టోబరులో ఒప్పందం చేసుకున్నారు. మన పిల్లలకి అక్కడ ఉద్యోగాలు కావాలి. యంత్రం సంగతి తెలియకుండా ఎలా? సాలూరులో రాత్రి పదకొండింటికి సందేహం వచ్చిన పిల్లవాడికి, అడగడానికి ఇంట్లో చదువుకున్నవాళ్ళు లేకపోతే, ఆ యంత్రమే దిక్కు. అడగనివ్వండి. "ఇది నాకు అర్థం కాలేదు, ఇంకోలా చెప్పు" అని అడిగితే చదువు. "ఇది నా బదులు రాసిపెట్టు" అని అడిగితే గిరీశం.

కాలేజీలవారికి నా మనవి ఒకటే. జవాను యంత్రాలకి పెట్టే డబ్బు మేష్టార్లకి పెట్టండి. రాసి తెచ్చిన ప్రతి వ్యాసానికీ అయిదు నిమిషాలు ఎదురుగా కూర్చోబెట్టి నోటితో చెప్పించండి. అయిదు నిమిషాల్లో ఎవరి సరుకు ఎంతో తేలిపోతుంది. దొంగ దొరకడం సంగతి అటుంచి, దొర నిలబడతాడు.

తల్లిదండ్రులకీ ఒక మనవి. మీకు ఇంగ్లీషు రానక్కర్లేదు, ఏఐ అంటే ఏమిటో తెలియనక్కర్లేదు. రాత్రి భోజనాల దగ్గర, "ఇవాళ ఏం రాశావురా? ఏదీ, మాకు అర్థమయ్యేలా చెప్పు" అని అడగండి. అంతే. చదివినవాడు మెతుకు నోట్లో పెట్టుకోవడం మరిచిపోయి చెబుతాడు. చదవనివాడు పెరుగు వెయ్యమంటాడు.

మా ఇంట్లో ఆ అలవాటు మొదలైంది. గూట్లోంచి నా పాత కన్యాశుల్కం దిగింది. అట్ట ఊడిపోయింది, నాలుగు పేజీలు చెదలు తిన్నాయి. సీతంపేట పిల్ల సాయంత్రాలు మా అరుగు మీదికి వస్తోంది. ఇద్దరూ చెరో పాత్రా చదువుతున్నారు. వాళ్ళ బామ్మ వంటింట్లోంచి అందిస్తోంది.

నిన్న మా మనవరాలు అడిగింది, "తాతయ్యా, ఈ గిరీశానికి నిజంగా ఏమైనా వచ్చా, అన్నీ డాబేనా?" అని.

ఏం చెప్పానంటారా? చెప్పలేదు. పుస్తకం చివరిదాకా చదివి తననే చెప్పమన్నాను.